మంచి నిలబడి, చెడ్డ కూర్చుని

ఈ మధ్య ఒక పిల్లల పత్రికవాళ్లు నన్ను పట్టుకున్నారు. ఇంటిల్లిపాదీ చూడదగ్గ బొమ్మల సినిమా ఒకటి వచ్చిందట, చూసి అందులో బాగున్నదేదో బాగోలేనిదేదో రాసిమ్మన్నారు. ఈ వయసులో నాకిదేం పనర్రా అని విసుక్కుంటూనే మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లి చూశాను. రంగులు బాగున్నాయి. ముసలి తాబేలు గొంతు బాగుంది. అనవసరంగా సాగదీయలేదు. బాగున్నవన్నీ పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని చూసుకుంటూ, వంటగట్టు దగ్గర నిలబడే రాసేశాను. అసలు లోపం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. సినిమాలో ఆ తాబేలు తాత చచ్చిపోతాడు. కానీ చచ్చిపోయాడని ఎవరూ అనరు. దూరప్రయాణం వెళ్లాడంటారు, ఆకాశంలో ఒక చుక్కని చూపిస్తారు, వెంటనే పాటలోకి దూకేస్తారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాటే గట్టిగా రాద్దామని పాలు దించి కాగితాలు పట్టుకుని వెళ్లాను. కాసేపటికి చూసుకుంటే హాల్లో నేల మీద, గోడకి చేరబడి కూర్చుని రాస్తున్నాను. మోకాళ్ల నొప్పులొచ్చాక నేల మీద కూర్చోవడం ఎప్పుడో మానేశాను. ఎందుకు కూర్చున్నానో తెలిశాక మాత్రం ఇంక ఒక్క వాక్యం ముందుకి కదల్లేదు.

మా మావ అలాగే చెప్పేవాడు. సినిమాలో మంచి నిలబడి చెప్పేవాడు, చెడ్డ కూర్చుని చెప్పేవాడు.

మావ అంటే మా అమ్మకి తమ్ముడు. నెల్లిమర్లలో జూట్ మిల్లు పని. మిల్లుకి దగ్గర్లో వరసగా కట్టిన ఇళ్లలో ఒకదాంట్లో మా అమ్మమ్మా ఆయనా ఉండేవారు. మా నాన్న రైల్వేలో పట్టాల పనికి ఊళ్లు పట్టుకు తిరిగేవాడు కాబట్టి మా అమ్మా నేనూ కూడా అక్కడే ఉండేవాళ్లం. అరవైల చివరి రోజులు. నాకు అప్పుడు ఏడెనిమిదేళ్లు.

మా వీధికి ఒక పద్ధతి ఉండేది. విజయనగరం హాల్లో కొత్త బొమ్మ పడితే ఆడవాళ్లు తొందరపడి బయల్దేరేవారు కాదు. ముందు మావ వెళ్లి చూసి రావాలి. షిఫ్టు దిగి, ఒంటికీ జుట్టుకీ పట్టిన నార ధూళి పోయేదాకా రుద్దుకుని స్నానం చేసి, పొందూరు నుంచి మా మేనత్త పంపించిన తెల్ల ఖద్దరు చొక్కా తొడుక్కుని వెళ్లేవాడు. ఆ చొక్కా సినిమాకి తప్ప పెళ్లికి కూడా తొడిగేవాడు కాదు. మర్నాడు పొద్దున్న వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి ఆడవాళ్లు ఎదురు చూసేవారు. మావ వేపపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చేవాడు. పుల్ల తీసి పక్కన పడేశాడంటే తీర్పు మొదలైందన్నమాట.

"ఫొటో బాగున్నాది. పాటలు బాగున్నాయి. తండ్రి ఏసం కట్టినోడు కట్టపడ్డాడు. ఆడు ఏడిస్తే మనకీ ఏడుపొస్తాది" అని నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, వీధి చివరికి కూడా వినబడేలా చెప్పేవాడు. అది అయ్యాక కుళాయి గట్టు పక్కన గొంతుక్కూర్చునేవాడు. గొంతు తగ్గించేవాడు. ఆడవాళ్లు ముందుకి వంగేవారు.

"ఈరోయిను కూడా ఏడిసింది గానీ, అంత ఏడుపుకి కారణం సరిపోనేదు. ఇంటర్వెల్ తరవాత కతకి కునుకు పట్టీసింది. ఫైటింగు ఒకటి ఎక్కువైపోనాది."

చెడ్డ చెప్పడానికి కూర్చోవడం ఎందుకని ఒకసారి అడిగాను. "పాపం ఆలు ఎంత కట్టపడి తీసినారో మనకి తెలుసేటి? నెత్తి మీద నిలబడి తిట్టకూడదే గుంటా" అన్నాడు. సినిమా తీసినవాళ్లు మద్రాసులో ఉంటారు, ఈయన నెల్లిమర్ల కుళాయి దగ్గర కూర్చున్నా నిలబడ్డా వాళ్లకేం తెలుస్తుందని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

చివర్లో ఎవరో ఒకరు అడగాల్సిన మాట అడిగేవారు. ఎక్కువగా ఎదురింటి పైడమ్మ పిన్నే అడిగేది. "ఇంటిల్లిపాదీ సూడొచ్చా బాబూ?" అని. దానికి ఆయన దగ్గర మూడు రకాల జవాబులుండేవి. అత్తా కోడలూ పక్కపక్కన కూర్చుని చూడొచ్చు అంటే మచ్చలేని బొమ్మ. అత్తకీ కోడలికీ మధ్య ఒక మనిషి కూర్చోవాలి అంటే పాటల్లో ఏదో గొడవుందని అర్థం. మగవాళ్లు మాత్రమే చూడాలి అంటే ఆ వారం ఆడవాళ్లందరూ మగవాళ్ల జేబులు తడిమేవారు, టిక్కెట్టు ముక్కలు దొరుకుతాయేమోనని. మావ మాట మీద బళ్లు కట్టేవారు, మావ మాట మీద మానేసేవారు. తాను చూడని బొమ్మ గురించి మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు. పోస్టరు చూసి చెప్పమని ఎంత బతిమాలినా, "కల్లతో సూడకుండా సెప్తే నోరు పుచ్చిపోతాది" అని తప్పించుకునేవాడు.

అదే మనిషి మా అమ్మ గురించి నాకు చెప్పడం మొదలుపెట్టాడు.

అమ్మకి జబ్బు చేసి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నన్ను పొందూరు మేనత్త ఇంటికి పంపించారు. కొన్నాళ్లకి తిరిగొచ్చేసరికి అమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉందన్నారు. నాన్నకి గుండు. ఎందుకని అడిగితే, అమ్మకి నయమవ్వాలని సింహాచలం అప్పన్నకి మొక్కి ఇచ్చాడని అమ్మమ్మ చెప్పింది. దేవుడికి జుట్టు ఇచ్చేశాక అమ్మకి నయమవకుండా ఎలా ఉంటుందని నేను ధైర్యం తెచ్చుకున్నాను.

అమ్మ కబురు రోజూ మావే చెప్పేవాడు. విశాఖ నుంచి వచ్చే రైలుబండి గార్డు ద్వారా కబురు తెలుస్తుందనేవాడు. షిఫ్టు నుంచి రాగానే గుమ్మంలో నిలబడి, "ఈవేల మీ యమ్మ లేసి కూకున్నాదట. పాలు తాగీసిందట. నర్సమ్మ ఏదో అంటే నవ్వినాదట" అనేవాడు. అంతటితో ఆపితే నేను నమ్మేదాన్నో లేదో. ఆపేవాడు కాదు. నా పక్కన గొంతుక్కూర్చునేవాడు. "కానీ జొరం ఇంకా ఒదల్నేదు. మందు సేదుగా ఉన్నాదని ఊసీసిందట. ఇంటికి పంపండని ఆల్లతో దెబ్బలాడిందట" అనేవాడు.

చెడ్డ కూడా చెప్పేవాడు కాబట్టి నేను నమ్మాను. అబద్ధం చెప్పేవాళ్లు అంతా బాగుందనే చెబుతారు. మావ అలా చెప్పలేదు. సినిమాకి చెప్పినట్టే అమ్మకీ చెప్పాడు. అందుకే నేనూ కుళాయి దగ్గరికి వెళ్లి అందరికీ చెప్పేదాన్ని. మా అమ్మ నిన్న పాలు తాగింది పిన్నీ. మా అమ్మ మందు ఊసేసింది పిన్నీ. అమ్మ వచ్చేలోపు నేనే జడ వేసుకోవడం నేర్చుకుంటున్నాను, చూసి ఆశ్చర్యపోవాలి. పైడమ్మ పిన్ని నా మాటలు వింటూ బిందె నిండి పొర్లిపోతున్నా అలాగే నిలబడిపోయేది. "అలాగేనమ్మా, వస్తాదిలే" అనేది. ఆవిడకి నేనంటే ఎంత ఇష్టమో అనుకునేదాన్ని.

అలా ఉండగా విజయనగరంలో ఆదివారం పొద్దుటాట కింద ఒక ఇంగ్లీషు బొమ్మ వేస్తున్నారని తెలిసింది. మనుషులు లేని బొమ్మ. అన్నీ చేత్తో గీసినవే, అయినా కదులుతాయి, మాట్లాడతాయి. పోస్టరు మీద తెల్లకొంగల కుటుంబం ఉంది. తల్లి, తండ్రి, వాటి మధ్య నోరు తెరుచుకుని మూడు పిల్లలు. మా వరస ఇళ్లలో పిల్లలందరం వెళ్తామని ఏడుపు లంకించుకున్నాం. నేను అందరికంటే గట్టిగా ఏడ్చాను. అమ్మ లేదు కాబట్టి నా ఏడుపుకి ఆ రోజుల్లో విలువ ఎక్కువగా ఉండేది.

చిక్కల్లా ఏమిటంటే ఆ బొమ్మ ఆ ఒక్క పూటే. ముందు వెళ్లి చూసి రావడానికి వీల్లేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు మావ ముఖం వైపు చూశారు. ఆయన చాలాసేపు వేపపుల్ల నమిలాడు. నేను ఆయన పంచె పట్టుకుని నిలబడ్డాను.

"గీసిన బొమ్మలే కదా" అన్నాడు చివరికి. "గీసినోటికి సావేటి, బతుకేటి? పిల్లల కోసం తీసిన బొమ్మ. అత్తా కోడలూ గాదు, ముత్తాత కాడ్నుంచి పాలుతాగే గుంట దాకా అంతా సూడొచ్చు. ఎల్దాం."

నా కోసమే అన్నాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, గర్వపడ్డాను కూడా.

ఆదివారం పొద్దున్న బళ్లు కట్టుకుని అందరం వెళ్లాం. జనం పల్చగా ఉండటంతో గేటు దగ్గరి మనిషి ఆడవైపు మగవైపు అని విడదీయలేదు. బెంచీల మీద మా వీధి అంతా ఒకచోటే కూర్చుంది. మావ పక్కన నేను, నా పక్కన అమ్మమ్మ, వెనక పైడమ్మ పిన్ని. బొమ్మ మొదలైంది. ఒక్కళ్లకీ ఇంగ్లీషు ముక్క రాదు. కాసేపు చూసి, "ఏటంటన్నాదిరా అది?" అని అమ్మమ్మ అడిగింది. అంతే, మావ అందుకున్నాడు. తనకీ రాదు. అయినా ఆ తండ్రి కొంగ నోరు తెరిస్తే మావ గొంతు పలికేది.

"ఏమే, సలికాలం వచ్చీసింది, ఎలిపోదాం పదండి అంటన్నాడు ఆల్ల నాన్న. ఆ సిన్నగుంటకి ఇంకా ఎగరడం రానేదు, ఎలాగ వదిలీసి ఎల్తాం అంటన్నాది ఆల్లమ్మ."

అన్నీ మా ఊరి మాటలే. ఆ కొంగలు మిల్లు షిఫ్టు గురించి కూడా మాట్లాడుకున్నాయి. మా వరసలు కాక ముందు వరసల వాళ్లు కూడా వెనక్కి తిరిగి వింటున్నారు. నవ్వులు. మంచు కురుస్తుంటే పిల్లలు దూది అని అరిచారు. మా మావ ఇంత గొప్పవాడని నేను పొంగిపోయాను.

తండ్రి రెండు పిల్లల్ని తీసుకుని ఎగిరిపోయాడు. తల్లి చిన్నదాని కోసం ఉండిపోయింది. గాలివాన లాంటి మంచు వచ్చింది. తల్లి రెక్కలు విప్పి చిన్నదాన్ని కప్పింది. తెర అంతా తెల్లబడిపోయింది. మళ్లీ తెల్లవారింది. చిన్నది రెక్క కింద నుంచి బయటికి వచ్చింది. తల్లి లేవలేదు. చిన్నది ముక్కుతో పొడిచింది. తల్లి మెడ అలా పక్కకి వాలిపోయింది. సంగీతం ఆగిపోయింది. కొంగ చచ్చిపోయిందని తెలియడానికి ఏ భాషా రానక్కర్లేదు. నాకు తెలిసింది. హాల్లో అందరికీ తెలిసింది.

ఆ నిశ్శబ్దంలో మావ గొంతు వినిపించింది.

"ఆల్లమ్మకి ఒంట్లో బాగునేదు. పడుకున్నాది. ఆసుపత్రికి తీసుకెల్తారు. నయమైపోతాది, వచ్చీస్తాది."

అదే గొంతు. గుమ్మంలో నిలబడి రోజూ నాకు చెప్పే గొంతు. మాటలు కూడా అవే. నా కళ్ల ముందు తెర మీద తల్లి చచ్చి పడి ఉంది, నా చెవి పక్కన అది ఆసుపత్రికి వెళ్తోంది. నేను తెర మీది నుంచి కళ్లు తిప్పి మావని చూశాను. ఆయన తెర వైపే చూస్తూ అవే మాటలు మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక పైడమ్మ పిన్ని వెక్కి వెక్కి ఏడుస్తోంది. గీసిన కొంగ కోసం ఇంత ఏడుపేమిటని మిగతా జనం వెనక్కి తిరిగి చూస్తున్నారు.

ఆ తరవాత బొమ్మలో ఏమైందో నాకు సరిగ్గా గుర్తులేదు. చిన్నది ఎగరడం నేర్చుకుందనుకుంటాను. మావ ఇంక నోరు విప్పలేదు.

బయటికి వచ్చాం. ఎండ కళ్లలో పడుతోంది. అందరూ బళ్ల వైపు నడుస్తున్నారు. నేను హాలు గోడ పక్కన ఆగాను. మావ కూడా ఆగాడు.

"మావా, ఆ కొంగ సచ్చిపోనాది కదా?"

ఆయన బళ్ల వైపు చూశాడు.

"ఆసుపత్రి అన్నావేటి మరి?"

"అన్నాను" అన్నాడు.

"మా అమ్మో?"

మావ నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, దువ్విన జుట్టు.  మెల్లగా మోకాళ్లు వంచి, ఆ రోడ్డు మీద, అందరూ తొక్కుతున్న దుమ్ములో, నా ముందు గొంతుక్కూర్చున్నాడు. తల వంచుకున్నాడు. ఆయన అలా కూర్చుంటే ఏమి చెప్పబోతాడో మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఇంక ఆయన చెప్పనక్కర్లేకపోయింది.

నేను ఏడవలేదు. అందరూ అది దుఃఖమనుకున్నారు, గుండె రాయైపోయిందనుకున్నారు. నాకు దుఃఖం తరవాత వచ్చింది, చాలా రోజుల తరవాత. ఆ రోజు నాకు వచ్చింది సిగ్గు. బండిలో కూర్చుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కుళాయి దగ్గర నేను చెప్పిన కబుర్లు, పాలు తాగిందని, మందు ఊసేసిందని. బిందెలు పొర్లిపోతున్నా కదలకుండా నన్ను చూసిన ముఖాలు. ఊరందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదు, పైగా నేనే వాళ్లకి తిరిగి కబుర్లు మోస్తున్నాను. లంగా మీదికి లాక్కుని ముఖం కప్పుకున్నాను. నిద్రపోతోందనుకుని ఎవరో నా తల ఒళ్లో పెట్టుకున్నారు. పైడమ్మ పిన్ని అయి ఉంటుంది. ఆవిడ ముఖం చూడటానికి నాకు ఎన్నో నెలలు పట్టింది.

మర్నాడు అమ్మమ్మ నా చేతికి చెంబిచ్చి కుళాయికి తీసుకెళ్లింది. అందరూ తలలు దించుకుని నీళ్లు పట్టుకుంటున్నారు. మావ వచ్చాడు. నోట్లో వేపపుల్ల లేదు. ఎవరూ అడగలేదు, తనే నిలబడి చెప్పాడు. ఎప్పటిలా గట్టిగా కాదు.

"బొమ్మ మంచిది. రంగులు బాగున్నాయి. ఎగరడం అదీ బాగా గీసినారు. పిల్లల బొమ్మ కదా అని దాపరికం సెయ్యనేదు. సచ్చిపోతే సచ్చిపోనాదని సూపించీసినారు. అది అన్నిటికన్నా మంచి."

కూర్చుంటాడని అందరూ చూశారు. కూర్చోలేదు. "సెడ్డంటే, బొమ్మలో ఏటీ నేదు" అని అలాగే నిలబడి అనేసి, మిల్లు వైపు వెళ్లిపోయాడు. షిఫ్టుకి ఇంకా టైముంది.

అదే ఆయన చెప్పిన ఆఖరి తీర్పు. ఆ తరవాత సినిమాలకి వెళ్లాడో లేదో నాకు తెలియదు, చెప్పడం మాత్రం లేదు. మా వీధి ఆడవాళ్లు కొన్నాళ్లు పోస్టర్లు చూసి మోసపోయారు, తరవాత వేరే ఎవర్నో చూసుకున్నారు. నా ముందు మావ మాటలు తగ్గించేశాడు. నేను గదిలోకి వస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేవాడు. నాకూ అదే హాయిగా ఉండేది. ఆయన్ని చూస్తే నాకు నా కబుర్లు గుర్తొచ్చేవి, నన్ను చూస్తే ఆయనకి తన కబుర్లు గుర్తొచ్చేవి. ఒకే ఇంట్లో ఇద్దరం సిగ్గుపడుతూ పెరిగాం, ఆయన అప్పటికే పెద్దవాడైనా సరే. మళ్లీ బండి గార్డు మాట కానీ, ఆసుపత్రి మాట కానీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నా పెళ్లికి మేనమామగా గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చింది ఆయనే. అంత దగ్గరగా ఆయన ముఖం నేను ఆ సినిమా హాలు తరవాత మళ్లీ అప్పుడే చూశాను. గంప అంచు పట్టుకున్న చేతుల మీద నరాలు తేలాయి. మెడ మాత్రం పక్కకి తిప్పుకుని ఉన్నాడు. బరువు వల్ల అలా తిప్పాడని మా అత్తవారి వైపు వాళ్లు హాస్యాలాడారు. దించేటప్పుడు, "పదిలంగా దిగమ్మా" అన్నాడు. నేను తలూపాను. 

తరవాత నేను దూరం వెళ్లిపోయాను. ఎప్పుడో ఒకసారి వెళ్తే ముసలితనం వచ్చిన కొద్దీ ఇంకా ముడుచుకుపోతూ కనిపించేవాడు. ఆయన కొడుకు నాకంటే బాగా చిన్నవాడు, నన్ను వదినా అని పిలుస్తాడు. వాడికి ఈ కథ తెలియదు. వాళ్ల నాన్న ఒకప్పుడు వీధి మొత్తానికి సినిమాలు ఎంచేవాడంటే నమ్మడు కూడా.

మా వైపు చావు కబురు దూరాన ఉన్నవాళ్లకి తిన్నగా చెప్పరు. ప్రయాణంలో తట్టుకోలేరని, ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రిలో చేర్చాం, ఒకసారి వచ్చి చూసి వెళ్లండి అంటారు. వినేవాళ్లకీ అర్థమవుతుంది, అయినా దారి పొడుగునా ఒక ఆశ మిగుల్చుకుంటారు. నేనూ ఎంతోమందికి అలాగే చెప్పాను, అలాగే విన్నాను.

ఒకరోజు పొద్దున్న వాడు ఫోను చేశాడు.

"వదినా, నాన్న పోయాడు" అన్నాడు. ముందూ వెనకా ఏమీ లేదు.

వెంటనే వాడే కంగారుపడ్డాడు. "ఇలాగ ఒకేసారి సెప్పీసినానని ఏటనుకోకు వదినా. అందరికీ ఆసుపత్రిలో ఉన్నాడనే సెప్తన్నాం. నీకు మాత్రం అలాగ సెప్పొద్దన్నాడు. నిన్న మాట పడిపోకముందు అదొక్కటే పదేపదే అన్నాడు. పోతే పోయానని సెప్పండి, ఆసుపత్రి అని మాత్రం దానికి సెప్పకండి అన్నాడు. ఎందుకో నాకు తెల్దు."

"నాకు తెలుసులే" అన్నాను. ఫోను పెట్టేసి, వెళ్లి బట్టలు సర్దుకున్నాను.